ఏ వారమైనా పరవాలేదు



ఈ పుటలో కొత్త అక్షరం పడి చాలాకాలమైంది. మధ్యలో ఒకరిద్దరు మిత్రులు కుశలమడిగారు, వారికి కృతజ్ఞతలు. కుశలమే. ఈసారి టపా ఛందస్సు గురించి కాదు, శాసనాల గురించీ కాదు. మందు రోగి నోటికి చేరే ఆఖరి మజిలీ గురించి, చేరిన తరువాత ఎవరో ఒకరు కూర్చొని చూడవలసిన చూపు గురించి. భాషాప్రవీణ చదివి, ముప్పైమూడేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడికి ఈ గొడవ ఎందుకని మీరడగవచ్చు. నా గొడవ ఒక తెలుగుమాటతోనే మొదలయింది.

2019 భాద్రపదమాసం. మా అక్కయ్యకు అప్పటికి డెబ్బయ్యొకటో ఏడు. కీళ్ళవాతం ముదిరి, వేళ్ళ కణుపులు వాచి, తెల్లవారుజామున నీళ్ళచెంబు ఎత్తలేని స్థితి. పట్నం వైద్యుడు పరీక్షించి మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒకటి వ్రాశాడు. తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు. చీటీ ఆంగ్లంలో ఉంది కనుక చదివి చెప్పవలసిన భారం నాది. "అక్కయ్యా, ఈ పచ్చమాత్ర వారానికి ఒకటి" అన్నాను. ఆమెకు కుడిచెవి మందం. "ఏ వారం వేసుకోమన్నార్రా?" అంది. "ఏ వారమైనా పరవాలేదు" అన్నాను, చెప్పులు వేసుకుంటూ.

ఏ వారమైనా పరవాలేదు. ఆదివారమైనా, సోమవారమైనా, మంగళవారమైనా. ఆమె అలాగే వేసుకుంది, దినదినమూ.

తొమ్మిదో రోజుకు నోరు పొక్కింది. వేడి చేసిందన్నాం. మజ్జిగ, సబ్జాగింజలు, చలవ చేసేవన్నీ ఇచ్చాం. పదకొండోనాటికి జ్వరం వచ్చి, మెతుకు మింగలేకపోతే ఆసుపత్రికి తీసుకొనివెళ్ళాం. చేర్చుకొన్న యువవైద్యుడు మర్యాదగానే అడిగాడు, "మందులన్నీ సక్రమంగా వాడుతున్నారా?" అని. "వాడుతున్నాను బాబూ" అంది అక్కయ్య. నేను పక్కన నిలబడి సాక్ష్యం కూడా పలికాను.

రాత్రి కాపలాకు వచ్చిన నర్సు అలా అడగలేదు. మందులసంచీ తెప్పించి, మంచంమీద పరిపించి, ఒక్కొక్క రేకూ అక్కయ్య అరచేతిలో పెట్టింది. "పెద్దమ్మా, ఇది నిన్న వేసుకున్నారా? మొన్న? అటుమొన్న?" అని అడిగింది. తరువాత దుకాణం బిల్లుమీది తేదీ చూసి, రేకులో చిరిగిన గూళ్ళు లెక్కపెట్టింది. "మాస్టారూ, పదకొండు రోజులకు రెండు గూళ్ళు ఖాళీ కావాలండీ. పది ఖాళీగా ఉన్నాయి" అంది. గొంతు హెచ్చించలేదు. నావైపు తప్పుచూపు చూడలేదు. అప్పటికప్పుడు వైద్యుణ్ణి లేపింది. రక్తం తీశారు, తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. విరుగుడుగా ల్యూకోవోరిన్ సూదిమందు మొదలుపెట్టారు.

పన్నెండు రాత్రులు ఆ ఆసుపత్రి వరండాలో బల్లమీద గడిపాను. పాపం అనే మాటకు నిఘంటువులో ఎన్ని అర్థాలున్నా ఒక్కటే తోచేది. ఇంటికి వచ్చాక ఆ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు వెదికి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆశ్చర్యం వేసింది. ఆ కథలో సగం మన గోదావరి మండలానిదే.

ముందు ఆ నర్సు వేసిన ప్రశ్న సంగతి. అది ఆమె సొంత తెలివి అనుకొన్నాను, కొంత అయివుండవచ్చు. కాని దాని వెనుక నూటఅరవై ఏళ్ళ బోధన ఉంది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రోగిపరిచర్యపై వ్రాసిన చిన్న పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం రోగిని పరిశీలించడం గురించే. మనవాళ్ళు ఆమెను దీపం పట్టుకొన్న దయామూర్తిగా పాఠ్యపుస్తకాల్లో చెప్పి ఊరుకొన్నారు, నేనూ అలాగే చెప్పాను. ఆ అధ్యాయంలో ఆమె దయ గురించి మాట్లాడదు, ప్రశ్న వేసే తీరు గురించి మాట్లాడుతుంది. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడగడం వ్యర్థం అంటుంది. ఒకరికి పదిగంటలు మెలకువ రాకుండా నిద్రపోతేనే బాగా పట్టినట్లు, మరొకరికి నడుమనడుమ కునుకుపడితే చాలు. ఎన్ని గంటలు నిద్రపోయారు, రాత్రి ఏ వేళల్లో అని అడగాలట. జవాబును తనలోనే పెట్టుకొన్న ప్రశ్నలంటే ఆమెకు పడదు. "సక్రమంగా వాడుతున్నారా?" అన్నది సరిగా అటువంటి ప్రశ్న. దానికి లోకంలో ఎవరూ లేదని చెప్పరు. తరగతిలో "అర్థమయిందా?" అని నేను మూడు దశాబ్దాలు అడిగాను. అర్థమయిందనే అన్నారు పిల్లలు.

నైటింగేల్‌కు ముందే ఈ చూపు నేర్పిన గ్రంథం ఒకటుంది. ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యుడు 1785లో డిజిటాలిస్ ఆకుమందు గురించి వ్రాశాడు. ష్రాప్‌షైర్ ప్రాంతపు ఒక ముసలమ్మ రహస్యంగా ఉంచుకొన్న ఇంటిమందు అది. ఒళ్ళు నీరుపట్టినవారికి ఇచ్చేది. ఇరవై పైచిలుకు మూలికల్లో పనిచేసేది ఈ ఒక్క ఆకేనని అతడు పోల్చాడు. మందు కనిపెట్టినవారు చాలామంది ఉన్నారు, విదరింగ్ గొప్పదనం వేరు. ఆ మందు చేసే కీడును కూడా అంతే శ్రద్ధగా వ్రాసిపెట్టాడు. వాంతులు, వస్తువులు పచ్చగా ఆకుపచ్చగా కనిపించడం, నాడి నిమిషానికి 35కు దిగిపోవడం. గుణమిచ్చిన రోగులతోబాటు గుణమివ్వని రోగుల కథలూ దాచకుండా చేర్చాడు. మందు ఎంతవరకు ఇవ్వాలి అంటే, మూత్రపిండాలమీదనో కడుపుమీదనో నాడిమీదనో పేగులమీదనో దాని పని కనబడేవరకు, కనబడగానే ఆపాలి. అంటే మోతాదు తక్కెడలో లేదు, రోగి దేహంలో ఉంది, చూసేవాడికే అది తెలుస్తుంది. ఈనాటికీ ఆ జాతి మందు డిజాక్సిన్ ఇవ్వబోయేముందు నర్సు నిండు నిమిషం గుండెచప్పుడు లెక్కపెడుతుంది. పెద్దవారిలో 60కి తగ్గితే మాత్ర ఆపి వైద్యుడికి చెప్పడం వారి సాధారణ నియమం.

ఇక ఆ పచ్చమాత్ర.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమహేంద్రవరంలో కొంత, మద్రాసులో కొంత చదువు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కింది. ఉపాధ్యాయులుగా ఉన్న మిత్రులు ఈ వాక్యం పిల్లలకు తప్పక చెప్పవలసింది. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతుండగా ఖద్దరు కట్టినందుకు ఒక ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి పట్టా బదులు దిగువ పట్టాతో బయటపడ్డారు. వారి సోదరులను స్ప్రూ అనే అతిసారవ్యాధి తీసుకొనిపోయింది. అమెరికా వెళ్ళి హార్వర్డులో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టడంలో ఫిస్కేతో కలిసి పేరుపొందారు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలకు మారారు. 1945 నాటికి అక్కడ వారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులను నిలబెట్టే మందుల్లో అదొకటి. సోదరులను తీసుకొనిపోయిన జబ్బుకు మందు దొరికేసరికి చాలా ఏళ్ళు గడిచాయి.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకేన్సర్ పిల్లలకు ఆ తరగతి పదార్థాలిచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకొన్నట్లు కనిపించింది. అయితే ఫోలిక్ ఆమ్లానికి శత్రువైన పదార్థమిస్తే? సుబ్బారావుగారి బృందం రూపు కొంచెం మార్చిన అణువులు తయారుచేసి పంపింది. శరీరం దానిని ఫోలిక్ ఆమ్లమనే భ్రమపడి స్వీకరిస్తుంది, కణవిభజన ఆగిపోతుంది. మారువేషంలో వచ్చిన అతిథి వంటిది. అమినోప్టెరిన్ అన్న ఆ మందు పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. అంతకుముందు ఆ జబ్బుకు దారే లేదు. గుణం తాత్కాలికమేనని, నోటిపూత వంటి విషలక్షణాలు వస్తాయని ఆ వ్యాసంలోనే చెప్పాడు. నోరు పొక్కితే మందు మోతాదు మించిందని గుర్తు. ఆ గుర్తు మా ఇంట్లో కనబడ్డప్పుడు మేము సబ్జాగింజలు నానబెట్టాము. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూశారు, 53 ఏళ్ళకు. ఆ మందు తోబుట్టువే మెథోట్రెక్సేట్. కొన్నేళ్ళలో అది అక్కను వెనక్కు నెట్టి తానే నిలిచింది.

కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కూ ఈ జాతి మందు పనికివస్తుందని 1951లోనే ఒక చిన్న పరిశీలన వచ్చింది. కేన్సర్‌కు పెద్ద మోతాదుల్లో, వీటికి చాలా చిన్న మోతాదులో. అయితే చిన్న మోతాదైనా దినదినమూ ఇస్తే ఎముకమజ్జ, నోటి పొర, పేగుల పొర, కాలేయం నిలదొక్కుకోలేవు. రోజూ కొత్త కణాలు పుట్టవలసిన చోట్లు అవి. అనుభవంమీద, 1970ల ఆరంభానికి, వారంలో ఒక్కనాడు ఇచ్చి తక్కిన రోజులు దేహానికి విడిచిపెట్టే పద్ధతి బలపడింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్ళవాతానికి దీనిని 1988లో ఆమోదించింది. ఇప్పుడు ప్రపంచమంతటా వైద్యులు మొదట తలచే మందు ఇదే. ఇందులో మందు ఎంత ముఖ్యమో మందు లేని ఆరు రోజులూ అంతే ముఖ్యం.

చిక్కంతా ఆ ఆరు రోజులతోనే. లోకంలో మాత్రలన్నీ రోజుకు ఒకటో రెండో మూడో. చేతికి, కంటికి, కలానికి ఆ అలవాటు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిషైర్ ప్రాంతపు రోగి ఒకరు 2000 ఏప్రిల్‌లో ఈ మందు వారానికి బదులు రోజూ పడి మరణించారు. విచారణ జరిపి నివేదిక అచ్చువేశారు. చీటీ అనేక చేతులు మారింది. ఆ తరువాత అక్కడి రోగిభద్రతా సంస్థ లెక్క తీస్తే ఒక దశాబ్దంలో ఈ మందు విషయమైన పొరపాట్లవల్ల 25 మరణాలు తేలాయి. 2004లో హెచ్చరిక జారీచేశారు. ఫోలిక్ ఆమ్లమూ మెథోట్రెక్సేటూ రెండూ చిన్న పచ్చమాత్రలే కావడం మరొక ప్రమాదమని గుర్తించారు. ఒకే ప్రయోగశాల బిడ్డలు, ఒకదానికొకటి విరోధులు, ఒకే డబ్బాలో ఒకే రంగులో! మన దుకాణాల్లో రేకు కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడితే పేరున్న భాగం కత్తెర అవతలే ఉండిపోతుంది. ఈ సంగతి మీకు తెలియనిది కాదు. 2020లో బ్రిటన్ నియంత్రణ సంస్థ మరొకసారి చెప్పింది: ‘వారానికి ఒకసారి’ అని వ్రాస్తే చాలదు, ఏ దినమో పేరుపెట్టి, దాన్ని పూర్తిగా వ్రాయాలి.

ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఏ దినమో పేరుపెట్టాలి. మా అక్కయ్య నన్ను అడిగింది అదే కదా!

వారశబ్దానికి సంస్కృతంలో వంతు, వరుస అని అర్థం. గ్రహాల వరుసలో ఒక్కొక్క దినం కనుక ఆదివారం, సోమవారం. పంచాంగం విప్పితే తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. అక్కడ వారమంటే ఒక్క దినమే. తెలుగులో ఆ దినాల చుట్టు ఏడింటికీ అదే పేరు స్థిరపడింది. మా నాన్నగారు వారాలు చేసుకొని చదువుకొన్నారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. అక్కయ్య ఆ కథలు వింటూ పెరిగింది. ఆమెకు వారమంటే ముందుగా ఒక దినం, ఒక ఇల్లు, ఒక విస్తరి. నాకు వారమంటే ఏడు రోజుల జీతభత్యాల లెక్క. నానార్థాలు పాఠం చెప్పేవాడు నానార్థంలోనే పడ్డాడు.

ఇటువంటిది మనకే కాదు. అమెరికాలో సీసాలమీద రోజుకు ఒకసారి అనే అర్థంలో ‘వన్స్’ అని వ్రాస్తే, స్పానిష్ చదివేవారికి ఆ అక్షరాలే వారి భాషలో పదకొండు. లాటిన్ పొడి అక్షరాలు, యూనిట్‌కు బదులు వ్రాసే ఒంటి అక్షరం సున్నాలా కనబడడం, ఇవన్నీ ఎందరి ప్రాణాలమీదికో వచ్చాక, 2004లో అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ వాడకూడని సంక్షేపాల పట్టిక ఒకటి వెలువరించింది. ఛాందసుడని నన్ను సాటి ఉపాధ్యాయులు నవ్వేవారు, పొల్లు తప్పినా మార్కు తీస్తానని. నర్సుల శిక్షణలో నాకంటె ఛాందసం ఉంది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అని అయిదింటిని వల్లెవేయిస్తారు. ఇదీ ఒక పంచాంగమే. తరువాతి వారు దీనికి ఇంకా కలిపారు, ఇచ్చినట్లు వ్రాయడం, ఇచ్చాక ఫలితం చూడడం. చివరిది కలపడానికి అంత ఆలస్యమెందుకయిందో నాకు బోధపడలేదు. విదరింగ్ మొదలుపెట్టింది దానితోనే.

బహుశా చూసేవారి మాటకు విలువ ఆలస్యంగా రావడం కారణం కావచ్చు. థాలిడోమైడ్ మందు 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, 1961లో ఉపసంహరించేలోగా పదివేలమందికి పైగా శిశువులు అవయవలోపాలతో పుట్టారు. దాని దరిమిలా 1964లో బ్రిటన్ పచ్చకార్డు పద్ధతి పెట్టింది. మందువల్ల కీడు జరిగిందని అనుమానం వస్తే ఆ కార్డు నింపి పంపాలి. రాత్రంతా మంచం పక్కన ఉండేది నర్సు. ఆమెకు ఆ కార్డు నింపే హక్కు 2002లో గాని రాలేదు! మనదేశంలో జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం 2010లో మొదలయింది, ఇందులో నర్సులు కూడా నివేదిక పంపవచ్చు. సుబ్బారావుగారికి తగిన గౌరవం దక్కలేదని మనం ఏటా జనవరిలో వాపోతాం, న్యాయమే. ఆయన మందు ఇచ్చాక నోరు తెరిపించి టార్చిలైటు వేసి పొక్కులు చూసినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మందు గురించి మనకు తెలిసినదాంట్లో ఎంతభాగం ఆ టార్చి వెలుగులో తెలిసిందో!

ఆసుపత్రిలో ఆ పన్నెండు రోజులూ నేను గమనించినది ఈ పనే. పూటపూటా నోరు చూసేది. జ్వరం చూసేది. దగ్గు ఉందా, ఆయాసం ఉందా అని విడివిడిగా అడిగేది. ఈ మందు ఊపిరితిత్తులనూ పట్టగలదని తరువాత తెలిసింది. చిగుళ్ళలో రక్తం, చర్మంమీద కమిలిన మచ్చలు, మూత్రం పరిమాణం. అన్నీ అట్టమీది కాగితంలో వేళతో సహా వ్రాసేది. ఏడోరోజున తెల్లకణాలు పెరగడం మొదలయిందని ఆ కాగితం చూపించింది. పదోరోజున అక్కయ్య పెరుగన్నం అడిగింది.

ఇంటికి పంపే ముందురోజు ఆ అమ్మాయి నన్ను కాక అక్కయ్యనే కూర్చోబెట్టింది, ఎడమచెవి వైపు. కీళ్ళవైద్యుడు కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ అదే మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టదలచాడు. నెలనెలా రక్తపరీక్షతో. నేను భయపడ్డాను, వద్దన్నాను కూడా. "పెద్దమ్మా, మీరు ఒక్కపొద్దు ఏ రోజు?" అని అడిగిందా అమ్మాయి. "శనివారం." "అయితే శనివారం వద్దు. మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం భోజనమయ్యాక. ఇంకే రోజూ వద్దు. ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఎప్పుడు వేసుకుంటారు?" అక్కయ్య చెప్పింది. "బుధవారం మాస్టారు వచ్చి వేసుకోమంటే?" "వాడి మాట నేను వినను" అంది అక్కయ్య. వార్డంతా నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ మాత్రకు మా ఇంట్లో ఇప్పుడు ఇంగ్లీషు పేరు లేదు, ఆదివారం మాత్ర అంటాం. ఒంటరిగా ఒక తమలపాకు డబ్బాలో ఉంటుంది. నెలకు నాలుగో అయిదో పంచాంగం చూసి లెక్కపెట్టి వేసేది నేను. తీసి వేసుకొనేది ఆమె. వేసుకొన్నాక గోడమీది క్యాలెండరులో ఆ ఆదివారానికి పెన్సిలుతో గీత గీస్తుంది, కణుపులు సహకరించినంత మేరకు వంకరగా.